ఏ ఆటకు ఎంత కండ? – మన ఒంటిని కొలిచిన చరిత్ర

మనిషి ఒంటిని కొలిచి, ఇది మేలైన ఒళ్లు, ఇది తక్కువ ఒళ్లు అని కాగితం మీద రాసిపెట్టే అలవాటు నిన్న మొన్నటిది కాదు. మన కొండలకు ఆ అలవాటు తెల్లదొరల కాలంలోనే వచ్చింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తయారుచేసి 1909లో అచ్చు వేయించాడు. అప్పటి విశాఖపట్నం జిల్లా కొండల్లోని గదబ, పోర్జ, కోదు, కొండదొర, బగత తెగలన్నీ ఆ సంపుటాల్లో ఉన్నాయి. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. ముక్కు వెడల్పును బట్టి ఎవరు ఏ మెట్టు మీద ఉండాలో చెప్పవచ్చని ఆ రోజుల్లో చాలామంది పండితులు నమ్మారు. ఆ నమ్మకం ఈనాటి శాస్త్రం ముందు నిలబడలేదు. కానీ కొలిచినవాడు పైన, కొలతకు నిలబడినవాడు కింద అనే అమరిక మాత్రం అంత తొందరగా పోలేదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు అంటారా? మన పిల్లలు నేటికీ కొలబద్ద ముందు నిలబడుతూనే ఉన్నారు. క్రీడా పాఠశాల ఎంపికలో నిలబడతారు. పోలీసు, సైనిక ఎంపికల్లో నిలబడతారు. విశాఖపట్నంలో చదువుకో, పనికో దిగిన కుర్రవాడు జిమ్ము అద్దం ముందు తనంత తానే నిలబడి, నా ఒంట్లో కండ లేదని కుంగిపోతాడు. ‘ఈ పిల్లాడు సన్నగా ఉన్నాడు, ఆటలకు పనికిరాడు’ అనే మాట మన బడుల్లో ఉపాధ్యాయుల నోటే వింటున్నాం. అందుకే ఏ ఆటకు ఎంత కండ కావాలి, ఆ సంగతి లోకానికి ఎప్పుడు తెలిసింది, అందులో మన ప్రాంతం పాలు ఎంత అన్నది మనం తెలుసుకోవాలి.

కూలికి కొలిచిన కండ

ఆటల కంటే ముందు మన కండను కొలిచింది కూలి పని. అస్సాం తేయాకు తోటలకు మనుషుల్ని చేర్చే ఏజెంట్లు గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ కొండల్లో తిరిగారు. రాళ్లు మోయగలరా, బరువు ఎత్తగలరా అన్నదే వాళ్ల పరీక్ష. గూడెం కొండల్లో రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం పోరాటానికి ఒక ముఖ్య కారణమని చరిత్ర పుస్తకాలన్నీ ఒప్పుకుంటాయి.

కిందికి చూస్తే 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలి రేవులోకి వచ్చింది. 1960లలో కొత్తవలస నుంచి అనంతగిరి, అరకు కొండలను తొలుచుకుంటూ కిరండూల్ దాకా రైలు మార్గం పడింది. బస్తరు ఆదివాసుల నేలలోని బైలాడిలా ఇనుప ఖనిజం ఆ దారినే రేవుకు దిగింది. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. ఓడరేవు, ఉక్కు అని నగరానికి పేరు వచ్చింది గానీ, ఆ పేరు వెనక కొండమనుషుల కండ కూడా ఉందని పాఠ్యపుస్తకంలో కనపడదు.

ఇప్పటికీ రోడ్డు లేని ఊళ్లలో నిండు గర్భిణిని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్నది మన సన్నటి కుర్రవాళ్లే. వాళ్లను చూసి కండ లేదనేవారు కండ అంటే ఏమిటో సరిగా తెలియనివారు.

ఒకే ఒక ఆదర్శ దేహం

కండ అనగానే ఉత్తరాంధ్రలో పెద్దలు చెప్పే పేరు కోడి రామమూర్తి నాయుడు. 1880లలో వీరఘట్టంలో పుట్టాడు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసి, తరువాత సర్కసు కంపెనీ నడిపాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం ఆయన ప్రదర్శనలు. జనం కలియుగ భీముడన్నారు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. అదే కాలంలో జర్మనీవాడైన యూజెన్ శాండో తన కండలు చూపిస్తూ దేశాలు తిరిగాడు. 1904–05లో మన దేశానికీ వచ్చాడు.

పరాయి పాలనలో ఉన్న జనానికి రామమూర్తి నాయుడి బలం గొప్ప ధైర్యం ఇచ్చింది. అది చిన్న సంగతి కాదు. అయితే ఆ కాలం నుంచే మన మనసుల్లో ఒక బొమ్మ స్థిరపడింది. వెడల్పాటి ఛాతీ, మెలి తిరిగిన భుజాలు ఉంటేనే బలవంతుడు అనే బొమ్మ అది. దేశదేశాల వ్యాయామ శిక్షకులూ అప్పట్లో అలాగే ఆలోచించేవారు. మరీ పొడుగు, మరీ పొట్టి కాకుండా నడిమి కొలతలో పొందికగా ఉన్న ఒళ్లే అన్ని ఆటలకూ పనికివస్తుందని అనుకునేవారు. పరుగుకైనా, ఈతకైనా, గుండు విసరడానికైనా ఒకే ఒళ్లు అన్నమాట.

ఆ బొమ్మ ఎలా చెదిరింది

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ జరిగినప్పుడు వైద్యులు క్రీడాకారుల ఒళ్లను కొలిచారు. ఆ ఆటల్లోనే మన దేశం మొదటిసారి హాకీలో స్వర్ణం గెలిచింది. ఆ జట్టు నాయకుడు జైపాల్ సింగ్ ముండా, ఛోటానాగపూర్ ఆదివాసి. తరువాత రాజ్యాంగ సభలో మన హక్కుల కోసం గొంతెత్తినవాడు ఆయనే.

1960 రోమ్ ఒలింపిక్స్ నాటికి ఈ పని మరింత పద్ధతిగా సాగింది. ఇంగ్లండు వైద్యుడు జె.ఎం. టానర్, ఆయనతో పనిచేసినవారు 137 మంది పరుగు, గెంతు, విసరుడు పోటీదారుల ఎముకలు, కండ, కొవ్వు కొలిచారు. 1964లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. గుండు విసిరేవాడి ఒళ్లు, మారథాన్ పరుగెత్తేవాడి ఒళ్లు దాదాపు ఎక్కడా కలవవని తేలింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లోనూ ఇలాంటి పరిశీలన జరిగింది. అన్నిటికీ ఒకే ఆదర్శ దేహం అనే మాటకు కాలం చెల్లింది.

ఇక్కడ మనం ఒక జాగ్రత్త పడాలి. టానర్ తన పుస్తకంలో క్రీడాకారులను జాతుల వారీగా కూడా పోల్చాడు. ఏ ఆటకు ఏ ఒళ్లు అన్న ప్రశ్న జారిపోయి, ఏ జాతికి ఏ ఆట అన్న ప్రశ్నగా మారడానికి ఎంతో దూరం లేదు. మొదటి ప్రశ్న పిల్లవాడికి దారి చూపుతుంది. రెండోది థర్‌స్టన్ దారిలోకి తిరిగి తీసుకుపోతుంది. ఒకే తెగలో, ఒకే ఇంట్లో కూడా పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, లావువాళ్లు, సన్నవాళ్లు ఉంటారు. కనుక ఆటను తెగ చూసి కాదు, ఎదుటనున్న పిల్లను చూసి చెప్పాలి.

కండ లెక్క

మామూలు మగవారి ఒంటి బరువులో సుమారు 40 శాతం, ఆడవారిలో సుమారు 30 శాతం ఎముకలను కదిలించే కండ ఉంటుంది. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. మొద్దును అడ్డంగా కోస్తే కనపడే ముఖం లాంటిదే ఈ అడ్డుకోత. బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఒక మనిషిని పొడవు, వెడల్పు, మందం అన్నిటా రెండింతలు చేశామనుకోండి. బలం నాలుగింతలు అవుతుంది, బరువు ఎనిమిదింతలు అవుతుంది. పెద్దవాడు మొత్తంగా ఎక్కువ బరువు ఎత్తుతాడు గానీ, తన ఒంటి బరువుతో పోలిస్తే చిన్నవాడే ఎక్కువ ఎత్తుతాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో టర్కీకి చెందిన నయీమ్ సులేమనోగ్లు 60 కిలోల విభాగంలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు. అంటే తన బరువుకు మూడింతల పైమాటే. జార్జియాకు చెందిన లాషా తలఖాడ్జే 2021లో 267 కిలోలు ఎత్తాడు. కానీ ఆయన ఒంటి బరువే 180 కిలోలకు దగ్గర. అంటే ఒకటిన్నర రెట్లు. బరువు విభాగాలు ఎందుకు పెట్టారో ఈ లెక్కతో గణితం పీరియడులోనే చెప్పవచ్చు.

కండలోని పోగుల్లోనూ రెండు ప్రధాన రకాలున్నాయి. ఒక రకం నెమ్మదిగా ముడుచుకుంటుంది, గంటల తరబడి అలసిపోదు. రెండో రకం చటుక్కున ముడుచుకుంటుంది, గట్టి దెబ్బ కొడుతుంది, త్వరగా అలసిపోతుంది. దూరపు పరుగుకు మొదటి రకం, వంద మీటర్ల పరుగుకు, బరువులకు రెండో రకం ఎక్కువ పనికి వస్తాయి. పైకి చూసి ఎవరిలో ఏది ఎక్కువో చెప్పలేం.

అందుకే ఆటగాళ్ల ఒళ్లలో ఇంత తేడా. గుండు విసిరే అమెరికన్ ర్యాన్ క్రౌజర్ ఎత్తు 201 సెం.మీ., బరువు సుమారు 145 కిలోలు. వంద మీటర్ల వీరుడు ఉసేన్ బోల్ట్ 195 సెం.మీ., సుమారు 94 కిలోలు. మారథాన్ వీరుడు కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్‌చోగే 167 సెం.మీ., బరువు 50 కిలోల పైచిలుకు. 42 కిలోమీటర్లు మోసుకుపోవాల్సినవాడికి పనిలేని ప్రతి కిలో కండా మూటే అవుతుంది. అందులోనూ నడుము దగ్గరి బరువు కంటే పాదం, పిక్క దగ్గరి బరువు పరుగులో ఎక్కువ శక్తిని తినేస్తుంది. సన్నటి పిక్కలు దూరపు పరుగుకు లోపం కాదు, లాభం.

మన వైపు నుంచి కొన్ని ఒళ్లు

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట కరణం మల్లీశ్వరిది. 1994, 1995 సంవత్సరాల్లో ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి 69 కిలోల విభాగం. ఒకే మనిషి, ఒకే ఆట, ఆరేళ్లలో మూడు ఒళ్లు. సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ పోటీలో చైనా, హంగరీ అమ్మాయిలు ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. ఒంటి బరువు తక్కువగా ఉన్నందున స్వర్ణం చైనా అమ్మాయికి దక్కింది. కండ పెంచుకోవడం ఎంత అవసరమో, అనవసరపు బరువు లేకపోవడమూ అంతే అవసరమని ఆ ఒక్క పోటీ చెబుతుంది. విజయనగరం దగ్గరి కొండవెలగాడ కూడా బరువులెత్తే ఆటకు పేరుపొందిన ఊరే.

విశాఖపట్నంలో పుట్టిన జ్యోతి యర్రాజిది పూర్తిగా వేరే ఒళ్లు. తండ్రి సెక్యూరిటీ గార్డు. పోర్టు హైస్కూలులో చదివేటప్పుడు ఆమె పొడుగును వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించి హర్డిల్స్ వైపు నడిపించారు. హైదరాబాదు, గుంటూరు శిక్షణ కేంద్రాల మీదుగా భువనేశ్వర్ చేరింది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులుంటాయి. ఒక్కొక్కటి 83.8 సెం.మీ. ఎత్తు, నడుమ 8.5 మీటర్ల దూరం. ఆ దూరాన్ని సరిగ్గా మూడు అంగల్లో దాటాలి. పొడుగు కాళ్లు, తొడ వెనక భాగంలో చటుక్కున పనిచేసే కండ ఇక్కడ కావాలి. పైభాగం బరువెక్కితే వేగం పోతుంది. 2022లో ఆమె ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డును దాటింది. 2023లో 12.78 సెకన్లకు చేరింది. అదే ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్. మల్లీశ్వరిని హర్డిల్స్‌కు, జ్యోతిని బరువులకు పంపి ఉంటే మనకు ఇద్దరూ దక్కేవారు కారు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలోని దానిలో మూడో వంతే. అక్కడ లావు కండ కంటే, తక్కువ ప్రాణవాయువుతో ఎక్కువసేపు పనిచేసే కండే గొప్పది.

విల్లు మన పూర్వీకుల చేతిలోదే. రాజస్థాన్ ఆదివాసి లింబా రామ్ మూడు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల పోటీలో 360కి 357 సాధించి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. ఒలింపిక్ విల్లును పూర్తిగా లాగడానికి మగవారికి సుమారు 20 కిలోలకు పైగా బలం కావాలి. అర్హత పోటీలో 72 బాణాలు వేయాలి. అంటే ఒక పూటలో దాదాపు ఒకటిన్నర టన్ను లాగినట్టు. కానీ విలుకాడిని చూస్తే పహిల్వానులా కనపడడు. ఆ బలం వీపు పైభాగంలో, రెక్కల నడుమ దాగి ఉంటుంది. జిమ్ము అద్దంలో కనపడని కండ అది.

మణిపూర్ కోమ్ తెగ బిడ్డ మేరీ కోమ్ 46, 48 కిలోల విభాగాల్లో ప్రపంచ విజేత. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగును మొదటిసారి చేర్చినప్పుడు 51, 60, 75 కిలోల విభాగాలు మాత్రమే పెట్టారు. ఆమె ఒంటికి తగిన విభాగమే లేదు. 51కి ఎదిగి, తనకంటే పెద్ద ఒళ్లవారితో తలపడి కాంస్యం తెచ్చింది. ఎంత కండ కావాలో ఆట ఒక్కటే నిర్ణయించదు, నియమాలు రాసేవారు కూడా నిర్ణయిస్తారు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో మామూలు పురుష అభ్యర్థికి 167.6 సెం.మీ. ఎత్తు అడుగుతూ, ఏజెన్సీ గిరిజన అభ్యర్థికి 160 సెం.మీ. చాలునన్నది కూడా అలాంటి నియమమే. దాన్ని దయ అనుకోనక్కరలేదు. కొలబద్ద మనుషులందరినీ చూసి రాయవలసిందన్న గుర్తింపు అది.

మన బడిలో చేయగలిగింది

క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలోనే పిల్లలను ఎంపిక చేస్తాయి. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు ఉంటాయి. ఆ వయసు పిల్లల్లో కండను చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. కండ గట్టిగా పెరిగేది యుక్తవయసు వచ్చాకే. కొందరికి అది పదకొండేళ్లకు, కొందరికి పదిహేనేళ్లకు మొదలవుతుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు ఈ ఏడాది ఓడిపోతే అది వాడి ఒంటి లోపం కాదు. వాడిని బడి మైదానంలో నిలిపి ఉంచడమే మన పని. ఒకే ఆటకు కట్టేయకుండా పరుగు, గెంతు, విసరుడు, కబడ్డీ, విల్లు అన్నీ ఆడనివ్వాలి. ఏటా రెండుసార్లు ఎత్తు, బరువు, పరుగు సమయం ఒక రిజిస్టరులో రాసి ఉంచితే, నాలుగేళ్లకు ఆ పిల్ల ఎటు ఎదుగుతోందో ఆ కాగితమే చెబుతుంది. కొలత పిల్లకోసం వాడితే ఇలా ఉంటుంది.

మన ప్రాంతంలో ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ మరవకూడని మాట సికిల్‌సెల్. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చిన పిల్లలు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, ఆటలూ ఆడవచ్చు. కానీ ఎండలో, నీళ్లు ఇవ్వకుండా, ఆగనివ్వకుండా పరుగెత్తిస్తే వారి కండ దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు చూడండి. సాధన మెల్లగా పెంచండి, మధ్యలో నీళ్లు, నీడ ఇవ్వండి. కాళ్లు పట్టేశాయి, ఊపిరాడటం లేదు అని పిల్లవాడు కూర్చుండిపోతే బద్ధకమని కసరకండి. వెంటనే ఆపి ఆస్పత్రికి పంపండి.

కండకు తిండి కావాలి. సాధన చేసేవారికి రోజుకు ఒంటి బరువు కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు మాంసకృత్తులు చాలునని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. యాభై కిలోల కుర్రవాడికి 60 నుంచి 100 గ్రాములు. గుడ్లు, చేపలు, చింతపల్లి రాజ్‌మా, కందులు, చోళ్లు, సామలతో అది సమకూరుతుంది. నగరంలో వేలకు వేలు పోసి డబ్బాల పొడులు కొనే కుర్రవాళ్లకు ఈ లెక్క చెప్పండి. త్వరగా కండ వస్తుందని ఇచ్చే సూదిమందులు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయని, పోటీ పరీక్షలో దొరికితే ఆట నుంచే వెలివేస్తారని కూడా చెప్పండి.

వందేళ్ల కిందట మన ఒంటిని వేరేవాళ్లు కొలిచి, మన చోటు ఎక్కడో వాళ్లే రాశారు. తరువాత కంట్రాక్టరు కొలిచాడు, తన పని చూసుకున్నాడు. ఇప్పుడు ఆ బద్ద మన ఉపాధ్యాయుల చేతికి వచ్చింది. పొట్టి పిల్లకు ఒక ఆట ఉంది, పొడుగు పిల్లకు ఒక ఆట ఉంది, సన్నటి పిక్కల పిల్లవాడికి ఒక ఆట ఉంది. ‘పనికిరాడు’ అనే గడి మాత్రం మన రిజిస్టరులో ఉండకూడదు.